గేరు వైపు నుంచి లెక్క

ఆ వానాకాలం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. కోపం వాన మీద కాదు లెండి, అదేం చేసింది పాపం. మా ఆయన మీద. ఆయన స్పానర్ల డబ్బా మీద. ఆ డబ్బా మూత తీసిన చప్పుడు వింటే చాలు, ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది.

అప్పుడే నాకు ల్యాబులో పని దొరికింది. పొద్దున్నే ఊరి చుట్టూ ఉన్న చిన్న క్లినిక్కులన్నీ తిరిగి, వాళ్ళు తీసిన రక్తం శాంపిళ్ళు ఐసు పెట్టెలో సర్దుకుని, మధ్యాహ్నం లోపు పెద్ద ల్యాబుకి చేర్చాలి. సొంత కారు ఉండాలి. వానలు తగ్గేదాకా టెంపరరీ, శాంపిళ్ళు పాడు కాకుండా వేళకి తెస్తే ఆ తర్వాత పర్మనెంటు. పెళ్ళయ్యాక ఇది నాది అని చెప్పుకోవడానికి నాకు దొరికిన మొదటి పని అది. మెడలో ఫోటో కార్డు వేసుకుని అద్దం ముందు నిలబడితే మా అత్తయ్య కూడా "బానే ఉన్నావు" అంది. ఆవిడ నోట ఆ మాట రావడమంటే మాటలు కాదు.

కారు కూడా బానే ఉంది. గొడవంతా అక్కడే వచ్చింది. బాగున్నదాన్ని బాగుచేయడం మా ఆయనకి జబ్బు.

మా ఆయన నూలు మిల్లులో ఫిట్టరు. మిల్లులో అందరూ ఆయన్ని డాక్టరు అంటారు. నడుస్తున్న మిషనుకి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు పోయిందో చెప్పేస్తాడు. ఊరికే అనకూడదు, నిజంగానే చెబుతాడు. కాకపోతే ఆ డాక్టరు గిరీ మిల్లు గేటు దగ్గర వదిలేసి రాడు, ఇంటికి మోసుకొస్తాడు. మా మిక్సీ, కుట్టు మిషను, పక్కింటివాళ్ళ ఫ్యాను, ఏదీ ఆయన చేతిలో ఒకసారి చావకుండా బతకలేదు.

"ఉద్యోగానికి తిరిగే బండి. ప్లగ్గులు పాతబడ్డాయి. కొత్తవి తెచ్చాను, ఇవాళ మార్చేస్తా," అన్నాడు ఒక ఆదివారం.

"ఇప్పుడు బానే నడుస్తోంది కదండీ."

"నడిచేటప్పుడే చూసుకోవాలి. ఆగిపోయాక చూసేది ఏముంటుంది?"

నేను వంటింట్లో ఉన్నాను. బయట బానెట్ ఎత్తి ఆయన ఈల వేసుకుంటూ పని చేస్తున్నాడు. కాసేపటికి ఏదో గచ్చు మీద పడి దొర్లిన చప్పుడయింది. ఈల ఆగిపోయింది.

"ఏమైందండీ?" అని కేకేశాను.

"ఏం కాలేదు. నీ పని నువ్వు చూసుకో."

నా పని నేను చూసుకున్నాను.

మర్నాడు మొదటి క్లినిక్కుకి వెళ్ళేటప్పుడే బండి దగ్గింది. రైలు పట్టాల మీద వంతెన ఒకటుంది, ఆ ఎత్తు ఎక్కుతుంటే స్టీరింగు చేతుల్లో వణికింది, ఇంజను ఒక అడుగు వేసి ఒక అడుగు ఎగ్గొట్టినట్టు నడిచింది. ఎదురుగా పసుపు లైటు టపటపా కొట్టుకుంది. వెనక లారీవాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. ఎలాగో ఎక్కించాను. ఆ రోజుకి వేళకే చేరాను గానీ ప్రాణం అరచేతిలోకి వచ్చింది.

సాయంత్రం చెప్పగానే ఆయన ముందు అడిగిన మాట ఇదీ: "ఎలా నడిపావు?"

చూశారా! బండి ఎలా ఉంది అని కాదు. నేను ఎలా నడిపాను అని.

"రోజూ నడిపినట్టే."

"రోజూ నడిపినట్టే అంటే క్లచ్చి మీద కాలు పెట్టి అన్నమాట."

ఆయన దగ్గర అగ్గిపెట్టెంత పరికరం ఒకటుంది. స్టీరింగు కింద గుచ్చితే, బండికి ఏ రోగమో ఫోనులో కనిపిస్తుంది. గుచ్చాడు. ఒకటో సిలిండర్ సరిగ్గా మండటం లేదని చూపించింది. నాకు తెలిసినంతలో చెబుతాను, ఆ ఇంజనులో సిలిండర్లు నాలుగూ ఒకే వరసలో ఉంటాయి. ఒక్కో దాంట్లో ఒక ప్లగ్గు, దాని నెత్తిన దానికి కరెంటు పంపే కాయిలు ఒకటి. ప్లగ్గు నిప్పు రవ్వ వేస్తే పెట్రోలు మండుతుంది. రవ్వ పడకపోతే ఆ సిలిండర్ పని చెయ్యదు, మిగతావి దాన్ని కూడా మోసుకుంటూ తిరుగుతాయి.

ఆయన గేరుబాక్సు పక్కనున్న మొదటి ప్లగ్గు విప్పి ఎగాదిగా చూసి, "ప్లగ్గు లక్షణంగా ఉంది" అన్నాడు. అయినా తీసి డబ్బాలో పడేసి ఇంకో కొత్తది బిగించాడు. తెల్లారి బండి మళ్ళీ దగ్గింది. కాయిలు మార్చాడు. మళ్ళీ దగ్గింది. ప్రతిసారీ ఫోను ఒకటోది అనే చెబుతుంది, ప్రతిసారీ ఆయన ఆ గేరుబాక్సు పక్కదాన్నే విప్పి బిగిస్తాడు. చివరికి దాన్లో మార్చడానికి ఏమీ మిగల్లేదు. మిగిలింది నేను.

ఒక రోజు తక్కువ రకం పెట్రోలు పోయించానన్నాడు. ఇంకో రోజు నీళ్ళు నిలిచిన రోడ్డులో దింపానన్నాడు. వానాకాలంలో నీళ్ళు లేని రోడ్డు ఎక్కడుందో చూపిస్తే అటే వెళ్తాను కదా! భోజనాల దగ్గర అత్తయ్య వింటుండగా, "ఆడవాళ్ళ చేతికి బండి ఇస్తే ఇంజనుకి ఆయుష్షు ఉండదు" అని నవ్వాడు. అత్తయ్య నా వైపు చూసి, "కాస్త చూసి నడపరాదటే అమ్మాయ్" అంది. ముద్ద గొంతుకి అడ్డం పడింది. మింగాను. ఆ వానాకాలమంతా నేను తిన్న అన్నం కంటే మింగిన మాటలే ఎక్కువ.

"మెకానిక్కుకి చూపిస్తాను," అన్నాను ఆ రోజే.

"ఏమన్నావు?"

"మెకానిక్కు అన్నాను. మన వీధి చివర ఉన్నాడుగా."

"మిల్లు మొత్తం నడిపించే ఫిట్టరు ఇంట్లో ఉండగా, వీధి చివర మెకానిక్కు మన బండి మీద చెయ్యి వేస్తాడా? రేపు వాడు టీ కొట్టు దగ్గర నిలబడి, డాక్టరు గారి ఇంట్లో రోగం నేను కుదిర్చానని చెప్పుకుంటే నేనా దారిన ఎలా పోవాలి?"

"మీరు పోయే దారి సంగతి తర్వాత. నేను రోజూ పోతున్న దారిలో బండి ఎప్పుడు ఆగిపోతుందో తెలీదు."

"ఆగదు. నువ్వు సరిగ్గా నడిపితే ఆగదు."

ఆ మర్నాటి నుంచి నేను ల్యాబు నుంచి వచ్చేసరికే ఆయన ఇంట్లో ఉండేవాడు, రాగానే తాళం ఆయన జేబులోకి వెళ్ళేది. పొద్దున నేను బయల్దేరేటప్పుడు చేతిలో పెట్టేవాడు. పొద్దుటి పూట శాంపిళ్ళు వదిలేసి మెకానిక్కు షెడ్డులో కూర్చోలేను కదా. అదీ ఆయన తెలివి. ఆ తెలివేదో ఇంజను మీద పెట్టి ఉంటే నాకీ కథ ఉండేది కాదు.

వానలు తగ్గుముఖం పడుతున్నాయి. ల్యాబు ఇన్‌చార్జి మేడం కనిపించినప్పుడల్లా ముందు గోడ గడియారం చూసి, తర్వాత నన్ను చూసేది. నేను రోజూ ఇంకాస్త ముందు లేచి, ఇంకాస్త ముందు బయల్దేరి, దగ్గుతున్న బండిని బతిమాలుకుంటూ తిట్టుకుంటూ వేళకి లాక్కొస్తున్నాను.

నా దారిలో చివరి క్లినిక్కు పట్టాల అవతల ఉండేది. అక్కడికి వారం వారం ఒక పాప వచ్చేది. స్కూల్లో ఇంకా వెయ్యలేదు, అంత చిన్నది. రక్తంలో ఏదో తేడా ఉందిట, వారానికోసారి రక్తం చూసి మందు ఎంతో చెబుతారు. బుజ్జిదానికి నరం దొరికేది కాదు. నర్సు ఒక చేతికి పొడిచి, దొరక్క, రెండో చేతికి పొడిచి, అదీ కాక ఒక్కోసారి పాదానికి పొడిచేది. వాళ్ళమ్మ బట్టల దుకాణంలో కుడుతుంది. పొద్దుటి పూట పని మానుకుని తెచ్చి, పాప కళ్ళు తన చేత్తో మూసి, తను మాత్రం సూది వైపే కళ్ళార్పకుండా చూసేది. ఆ సన్నటి గొట్టం నా పెట్టెలో పెట్టుకున్న ప్రతిసారీ నేను మూత రెండుసార్లు నొక్కేదాన్ని.

ఆ రోజు పాప మరీ ఏడ్చింది. నాలుగో పోటుకి గానీ రక్తం రాలేదు. పెట్టె సర్దుకుని బయల్దేరాను. వంతెన సగం ఎక్కాక బండి గట్టిగా ఒకసారి ఊగి ఆగిపోయింది. తాళం తిప్పితే అంటుకుంటుంది, గేరు వేసి కదిలిస్తే చచ్చిపోతుంది. వాన. వెనక బస్సులు. ఎవరెవరో దిగి తోశారు. తోస్తూ ఒకాయన "అమ్మా, బండి చూపించుకోవాలి కదమ్మా" అన్నాడు. ఆయన్ని కొట్టినంత పని చేశాను. పాపం, తోసినవాణ్ణి.

వంతెన దిగాక కుంటుకుంటూ తీసుకెళ్ళాను. ల్యాబుకి చేరేసరికి పెట్టెలో ఐసు నీళ్ళయింది. మేడం గొట్టాలు ఒక్కొక్కటే పైకెత్తి చూసి పక్కన పెట్టింది. కొన్ని పనికొస్తాయంది. పాపది పనికిరాదంది.

"రేపు మళ్ళీ తియ్యాలి. ఆ పాప వాళ్ళమ్మకి మీరే చెప్పండి," అంది. "ఆవిడ కంప్లైంటు ఇస్తే మిమ్మల్ని ఉంచుకోవడం నా చేతుల్లో ఉండదు. ఇవ్వకపోతే చూద్దాం. నేను చెప్పగలిగింది అంతే."

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ రోజు మిల్లులో పని పడి ఆయన ఇంకా రాలేదు. తుంపర పడుతోంది. తాళం నా చేతిలోనే ఉంది. మెకానిక్కు దగ్గరికి పోదామని వెనక్కి తిరిగాను కూడా. తిరిగి ఆగిపోయాను. మా ఆయన భోజనాల దగ్గర కొట్టే డప్పు ఒకటుంది, విని విని నాకు నోటికి వచ్చేసింది: "వరసలో ఏ మోటారు చచ్చిందో తెలియాలంటే ఒక్కొక్కటే ఆపి చూడాలి. దేన్ని ఆపితే ఏ తేడా రాదో, చచ్చింది అదే." ఎన్నిసార్లు చెప్పాడో ఆ మాట! మరి ఇంట్లో బండి దగ్గరికి వచ్చేసరికి అగ్గిపెట్టె ముందు కూర్చుని దాని మాట విన్నాడు.

బానెట్ ఎత్తి ఇంజను స్టార్టు చేశాను. అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది.

"ఏం చేస్తున్నావే? వాడు రానీ."

"గొడుగు పట్టుకుంటారా అత్తయ్యా?"

నా గొంతు ఎలా ఉందో ఏమో, ఆవిడ గొడుగు తెచ్చి ఇంజను మీద పట్టింది.

ఒక్కో కాయిలుకీ ఒక వైరు వచ్చి గుచ్చుకుని ఉంటుంది. ముందు గేరుబాక్సు పక్కది, ఆయన ఇన్నాళ్ళూ విప్పి బిగించి విప్పి బిగించిన ఆ ఒకటోది, దాని వైరు లాగాను. ఇంజను ఘోరంగా ఊగింది. అంటే అది బతికే ఉంది. మళ్ళీ గుచ్చాను. పక్కది లాగాను, ఊగింది. దాని పక్కది, ఊగింది. చిట్టచివరిది, బెల్టు వైపు ఉన్నది లాగాను.

"ఏం మారలేదే," అంది అత్తయ్య.

ఏమీ మారలేదు. గుచ్చి చూశాను, లాగి చూశాను. ఒకటే చప్పుడు. ఇంజను ఆపేసి బండి పక్కన నిలబడ్డాను. 

ఇంజను చల్లారేసరికి ఆయన వచ్చాడు. బానెట్ కింద నన్ను, గొడుగు పట్టుకున్న వాళ్ళమ్మని చూసి గేటు దగ్గరే ఆగాడు.

"ఎవరు ముట్టుకోమన్నారు దాన్ని?"

"ఇది ఎన్నోది?" అన్నాను బెల్టు వైపు కాయిలు మీద వేలు పెట్టి.

"నాలుగోది."

"చచ్చింది ఇదే. ఫోనేమో ఒకటోది అంటోంది."

"ఒకటోది అటు..." అని గేరుబాక్సు వైపు చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి సగంలో ఆగింది.

"అటు అని ఎవరు చెప్పారు?"

"మిల్లులో ఏ మిషనుకైనా గేర్లున్న కొస నుంచే కదా లెక్క..." అన్నాడు. గొంతులో పస లేదు.

"ఇది మిల్లు కాదు. ఫోను లెక్క బెల్టు వైపు నుంచి అన్నమాట. విప్పండి."

విప్పాడు. కాయిలు తీసి, ప్లగ్గు తిప్పి తిప్పి బయటికి లాగాడు. తెల్లటి పింగాణీ మీద వెంట్రుకంత నల్లటి గీత, పై నుంచి కింది దాకా. పగిలింది. నిప్పు రవ్వ లోపల పడాల్సింది, ఆ చీలికలోంచి పక్కకి పోతోంది.

నేను ప్లగ్గు వైపు చూడలేదు, ఆయన మొహం వైపు చూశాను. ఆ మొహంలో ఆశ్చర్యం లేదు.

"ఆ ఆదివారం కిందపడింది ఇదే కదూ?"

ఆయన ఆ గీత మీద బొటనవేలు పెట్టి రుద్దాడు.

"చప్పుడు విన్నాను నేను. అడిగాను కూడా. ఏం కాలేదన్నారు."

"పడింది నాలుగోది," అన్నాడు ప్లగ్గుని చూస్తూ. "తుడిచి చూశాను, బానే కనిపించింది. తర్వాత ఫోను ఒకటోది అంది. దాంతో ఇది కాదనుకున్నాను."

"ఇది కాదనుకుని, నేననుకున్నావు."

నువ్వు అనేశాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా నోట ఆయనకి రాని మాట, అత్తయ్య ముందే వచ్చేసింది. అత్తయ్య గొడుగు కదపలేదు. ఆయన తలెత్తలేదు. నేనూ దిద్దుకోలేదు.

"క్లచ్చి అన్నావు. పెట్రోలు అన్నావు. ఆడవాళ్ళ చేయి అన్నావు. ప్లగ్గు పడిందని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ రోజే ఇంకోటి పెట్టి ఉండేవాళ్ళం. ఒక్క ముక్క! మిల్లులో బోల్టు కిందపడితే చెబుతావా, చెప్పవా?"

"చెబుతాను."

"మరి నాకెందుకు చెప్పవు?"

ఆయన పగిలిన ప్లగ్గుని చొక్కా కొసతో తుడవడం మొదలుపెట్టాడు.

మొదట్లో డబ్బాలో పడేసిన ఆ లక్షణమైన ప్లగ్గు తీసి నేనే పెట్టాను. "ఎంత బిగించాలో చెప్పండి చాలు," అంటే, "చేత్తో పట్టేదాకా తిప్పి, ఆ తర్వాత స్పానరుతో కొంచెం" అని గొణిగాడు. స్టార్టు చేశాను. ఇంజను అరవకుండా, వణక్కుండా, తన పని తను చేసుకుంటూ నిలబడింది. ఇంత చిన్న దానికి ఒక వానాకాలమంతా పోయింది. సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద కూడా కోపమొచ్చింది.

"రేపు మీరు నాతో వస్తున్నారు," అన్నాను మొహం తుడుచుకుని.

"ఎక్కడికి?"

"పట్టాల అవతలి క్లినిక్కుకి. ఒక పాపకి మళ్ళీ సూది పొడవాలి. ఎందుకో వాళ్ళమ్మకి మీరు చెప్పాలి."

"మిల్లు..."

"వెళ్ళరా," అంది అత్తయ్య. గొడుగు ముడిచి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు నన్ను చూడగానే బుజ్జిది చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది. వాళ్ళమ్మకి ముందు రోజే క్లినిక్కు నుంచి ఫోను వెళ్ళింది. బల్ల మీద కూర్చుని ఉంది, నేను నమస్కారం పెడితే మొహం తిప్పుకుంది.

"మీ బండి ఆగితే మా పిల్లకి పొడుస్తారా?" అంది గోడ వైపు చూస్తూ. "నిన్న నాలుగుసార్లు పొడిచారు. రాత్రంతా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ ల్యాబు వాళ్ళకి ఇవాళే ఫోను చేస్తాను."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గుమ్మం దగ్గర ఐసు పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. మిల్లులో మేనేజరుకి కూడా తల వంచని మనిషి. పెట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"తప్పు ఈమెది కాదమ్మా," అన్నాడు. "బండి నేనే బాగుచేశాను. అందులో వేసే వస్తువు ఒకటి నా చేతిలోంచి జారి పడింది. పగిలిందో లేదో సరిగ్గా చూడకుండా పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. దానివల్లే ఆగింది."

ఆవిడ ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది.

నర్సు పాపని బల్ల మీద కూర్చోబెట్టింది. "ఎవరైనా చెయ్యి కదలకుండా పట్టుకోండి" అంది. వాళ్ళమ్మ లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"ఆయన్ని పట్టుకోమనండి."

మా ఆయన పెట్టె కింద పెట్టి వెళ్ళాడు. గ్రీజు మరకలు పోని ఆ లావుపాటి వేళ్ళతో బుజ్జిదాని మణికట్టు పట్టుకున్నాడు. మొదటి పోటుకి దొరకలేదు. పాప "అమ్మా" అని అరిచింది. రెండో చెయ్యి. దొరకలేదు. ఆయన మొహం పక్కకి తిప్పుకోబోతే, "చూడండి," అంది వాళ్ళమ్మ. ఆయన చూశాడు. పాదానికి పొడిచాక రక్తం వచ్చింది. గొట్టం సగం నిండేదాకా ఆ గదిలో పాప ఏడుపు తప్ప ఇంకేం లేదు.

నేను గొట్టం అందుకుని పెట్టెలో సర్ది మూత రెండుసార్లు నొక్కాను. వాళ్ళమ్మ పాపని భుజాన వేసుకుని, వీపు నిమురుతూ నా దగ్గరికి వచ్చింది.

"వచ్చే వారం మీరే వస్తారా?"

"మీరు ఫోను చెయ్యకపోతే వస్తాను."

పాప జుట్టు చెవి వెనక్కి సర్దింది.

"మీరే రండి," అంది. "ఈయన్ని మాత్రం తీసుకురాకండి."

బండి దగ్గరికి రాగానే ఆయన తాళం కోసం చెయ్యి చాపాడు, అలవాటు ప్రకారం. "అటు కూర్చోండి," అన్నాను. కూర్చున్నాడు. పెట్టె తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. వంతెన వచ్చింది. వెనక లారీ, పైన మబ్బు, అన్నీ నిన్నటిలాగే ఉన్నాయి. గేరు మార్చి ఎత్తు ఎక్కించాను. బండి దగ్గలేదు. పై దాకా ఒకే ఊపున వెళ్ళింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"చూశావా, ఇప్పుడు ఎంత చక్కగా..."

"నోరు మూసుకుని పెట్టె పట్టుకోండి," అన్నాను. మళ్ళీ 'అండీ' తగిలించే అన్నాను.

రెండు చేతులతో పట్టుకున్నాడు.